కణత్వచం దాటడం: దారి ఒక ప్రశ్న, శక్తి మరో ప్రశ్న

గ్లూకోజ్ కణంలోకి వెళ్లడం సక్రియా రవాణానా (శక్తి ఖర్చుతో), నిష్క్రియా రవాణానా (ఖర్చు లేకుండా)? జీవశాస్త్రం చదివేవాళ్లను అడిగితే కొందరు ఇదంటారు, కొందరు అదంటారు. రెండూ సరైన జవాబులే. ఎర్ర రక్తకణంలోకి గ్లూకోజ్ పైసా ఖర్చు లేకుండా వెళ్తుంది. పేగు లోపలి గోడ కణంలోకి వెళ్లాలంటే మాత్రం శక్తి ఖర్చవుతుంది. అదే గ్లూకోజ్, అదే రకం పొర. మరి తేడా ఎక్కడొచ్చింది?

పుస్తకాల్లో ఈ పాఠం ఒక జాబితాలా ఉంటుంది: విసరణ, ద్రవాభిసరణ, సులభతర విసరణ, సక్రియా రవాణా, ఎండోసైటోసిస్. పేర్లు కంఠతా వస్తాయి కానీ వాటి మధ్య సంబంధం పట్టుబడదు. రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేయడమే ఈ గందరగోళానికి కారణమని నా అభిప్రాయం. మొదటి ప్రశ్న దారి గురించి. ఆ పదార్థం పొరలోని కొవ్వులోంచే దూరి వెళ్తోందా, ప్రోటీన్ ఇచ్చిన మార్గంలో వెళ్తోందా, సంచిలో చుట్టుకుని వెళ్తోందా? రెండో ప్రశ్న శక్తి గురించి. అది వాలు వెంట, అంటే గాఢత ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు, జారుతోందా, వాలుకు ఎదురెక్కుతోందా? ఎదురెక్కుతుంటే ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోంది?

ఐదు నానోమీటర్ల కొవ్వు పొర

కణం చుట్టూ ఉండే పొరే కణత్వచం. దాని మందం దాదాపు 5 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. ఈ పొరకు ఆధారం ఫాస్ఫోలిపిడ్ అణువులు. ఒక్కో అణువుకు నీటితో చెలిమి చేసే తల, నీటికి దూరంగా ఉండే రెండు కొవ్వు తోకలు ఉంటాయి. నీటిలో వేస్తే ఇవి వాటంతటవే రెండు వరుసలుగా సర్దుకుంటాయి. తలలు రెండు వైపులా నీటిని తాకుతూ ఉంటాయి, తోకలు మధ్యలో దాక్కుంటాయి.

ఇది రెండు వరుసల పొర అని 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్ శాస్త్రవేత్తలు చెప్పారు. ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు తీసి నీటి మీద ఒకే వరుసగా పరిచారు. అది కణాల ఉపరితలానికి సుమారు రెండింతలు వచ్చింది. నిజానికి వాళ్ల లెక్కలో రెండు తప్పులున్నాయి. కొవ్వు పూర్తిగా బయటికి రాలేదు, కణం ఉపరితలాన్నీ తక్కువగా అంచనా వేశారు. ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో జవాబు సరిపోయింది. ఈ కొవ్వులో ప్రోటీన్లు తేలుతూ కదులుతూ ఉంటాయన్న చిత్రం 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చారు.

మధ్యలో కొవ్వు ఉండటం వల్లే ఏది దాటగలదో తేలిపోతుంది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి చిన్న, విద్యుదావేశం లేని అణువులు సులువుగా దూరిపోతాయి. స్టీరాయిడ్ హార్మోన్లు పెద్దవే అయినా కొవ్వులో కరుగుతాయి కాబట్టి వెళ్లిపోతాయి. నీరు కొంచెం కొంచెంగా వెళ్తుంది. సోడియం అయాన్ (విద్యుదావేశం ఉన్న సోడియం) నీటికన్నా వంద కోట్ల రెట్లకు పైగా నెమ్మది. అది చిన్నదే, కానీ దాని చుట్టూ నీటి అణువులు గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఆ నీటిని వదిలించుకుని కొవ్వులోకి దిగాలంటే చాలా శక్తి కావాలి. కాబట్టి ఇక్కడ అడ్డుపడేది పరిమాణం ఒక్కటే కాదు. ఈ తేడా ముందుముందు మళ్లీ అవసరమవుతుంది.

విసరణ: దగ్గరికైతే మెరుపు, దూరానికైతే నత్త

నీరు పల్లమెరుగు అంటారు. అణువులు గాఢత పల్లమెరుగుతాయి. అంటే అవి ఏదో తెలుసుకుని వెళ్తాయని కాదు. ప్రతి అణువూ దిక్కూ దరీ లేకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. ఒకవైపు వెయ్యి, మరోవైపు వంద ఉంటే, ఇటు నుంచి అటు దాటేవి ఎక్కువ, అటు నుంచి ఇటు వచ్చేవి తక్కువ. మిగిలే తేడానే విసరణ. రెండు వైపులా సమానమయ్యాక కూడా రాకపోకలు ఆగవు, లెక్క సరిపోతుందంతే.

దీనికి పట్టే సమయాన్ని చూస్తే కణాలు ఎందుకంత చిన్నవో అర్థమవుతుంది. దూరం పదింతలైతే సమయం వందింతలవుతుంది. నీటిలో ఒక చిన్న అణువు 10 మైక్రోమీటర్లు, అంటే ఒక మామూలు కణం వెడల్పంత దూరం, విసరణతో వెళ్లడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. అదే ఒక మిల్లీమీటరు వెళ్లాలంటే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. ఒక సెంటీమీటరుకైతే దాదాపు 14 గంటలు. రక్తనాళాలు శరీరంలో ప్రతి మూలకూ ఎందుకు వెళ్లాలో ఈ మూడు అంకెలే చెబుతాయి.

ద్రవాభిసరణ దగ్గర తడబాటు ఎందుకు

అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. నీటిని దాటనిచ్చి, అందులో కరిగిన పదార్థాన్ని ఆపే పొర ఉంటే, నీరు పలుచని ద్రావణం వైపు నుంచి చిక్కని ద్రావణం వైపు వెళ్తుంది. అదే ద్రవాభిసరణ.

ఒక లెక్క చేద్దాం. ఆసుపత్రిలో ఎక్కించే 0.9 శాతం సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పు అణుభారం 58.5 కాబట్టి అది 154 మిల్లీమోల్స్ (కణికల సంఖ్యను లెక్కించే కొలత). ప్రతి ఉప్పు జంటా నీటిలో సోడియం, క్లోరైడ్‌గా విడిపోతుంది, కాబట్టి కణికల లెక్క 308. రక్తంలోని ద్రవానికి ఈ సంఖ్య 290కి అటూ ఇటూ ఉంటుంది. రెండూ దాదాపు సమానం కాబట్టే ఎర్ర రక్తకణం సెలైన్‌లో ఉబ్బదు, ముడుచుకోదు. దాన్నే స్వచ్ఛమైన నీటిలో వేస్తే నీరు లోపలికి చొరబడి కణం పగిలిపోతుంది. ఈ గాఢతకు ఒకవైపు స్వచ్ఛమైన నీరు ఉంటే పుట్టే పీడనం ఏడు వాతావరణ పీడనాలకు పైనే. 70 మీటర్ల ఎత్తు నీటి స్తంభం మోపేంత బలమన్నమాట. ఇలాంటి పీడనానికి లెక్క కట్టిన వాన్ట్ హాఫ్‌కు 1901లో రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మెలిక. ఉప్పుకు బదులు యూరియాతో అదే 300 దగ్గరి ద్రావణం చేసి, అందులో ఎర్ర రక్తకణం వేస్తే? అంకెలు సమానం కాబట్టి ఏమీ కాకూడదు. కానీ కణం పగిలిపోతుంది. యూరియా ఆ పొరను దాటగలదు. అది లోపలికి వెళ్లేకొద్దీ లోపలి కణికల లెక్క పెరుగుతుంది, దాని వెంటే నీరూ వెళ్తుంది. అంటే ద్రావణంలో ఎన్ని కణికలున్నాయన్నది ఒక ప్రశ్న, వాటిలో ఎన్ని పొర దగ్గర ఆగిపోతాయన్నది వేరే ప్రశ్న. కణం ఉబ్బుతుందా, ముడుచుకుంటుందా అన్నది రెండో ప్రశ్నకు జవాబును బట్టి ఉంటుంది. ఐసోటానిక్ (కణాన్ని ఉబ్బనివ్వని, ముడుచుకోనివ్వని ద్రావణం) అనే మాటకు అర్థం ఇక్కడే ఉంది.

అసలు నీరు ఎందుకు కదులుతుందన్న దాని మీద కూడా రెండు రకాల వివరణలున్నాయి. చాలా పుస్తకాలు, ‘నీటి గాఢత ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు విసరణ చెందుతుంది’ అని సరిపెడతాయి. దిక్కు గుర్తుపెట్టుకోవడానికి ఇది చాలు. కానీ సెలైన్‌లో నీటి గాఢత స్వచ్ఛమైన నీటికన్నా ఒక శాతం కూడా తగ్గదు. పైగా ఎర్ర రక్తకణంలోకి ద్రవాభిసరణతో నీరు వచ్చే వేగం, ఒట్టి విసరణతో రాగల వేగం కన్నా ఎక్కువని కొలతలు చెబుతాయి. అందుకే భౌతికశాస్త్రం వైపు నుంచి చూసేవాళ్లు ఇంకోలా చెబుతారు. పొర దాటలేని కణికల్ని రంధ్రం అంచు వెనక్కి నెడుతుంది, దానివల్ల అక్కడ నీటి పీడనం తగ్గుతుంది, ఆ పీడన తేడాకే నీరు ప్రవాహంలా వెళ్తుంది. ఉష్ణగతిక శాస్త్రం ఈ రెంటిలో దేన్నీ ఎంచుకోదు. నీరు తన రసాయన శక్మం (కెమికల్ పొటెన్షియల్) ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపు వెళ్తుందని మాత్రమే చెబుతుంది. నాకు రెండో చిత్రమే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది. కొవ్వులోంచి ఒక్కొక్కటిగా దూరే నీటి అణువుల విషయంలో మాత్రం మొదటి వివరణకూ చోటుంది.

తలుపు ఉన్నంత మాత్రాన ఖర్చు ఉండదు

ప్రోటీన్ సాయం అనగానే చాలామంది శక్తి ఖర్చని అనుకుంటారు. అలా కాదు. తలుపు దారి చూపుతుందంతే. ఎటు వెళ్లాలో నిర్ణయించేది వాలు.

నీటి తలుపు కథ 1992లో తేలింది. పీటర్ ఆగ్రే బృందం ఎర్ర రక్తకణాల్లో వేరే ప్రోటీన్ కోసం వెతుకుతుంటే అనుకోకుండా ఇంకో ప్రోటీన్ దొరికింది. అదేం చేస్తుందో తెలుసుకోవడానికి కప్ప అండకణాలతో ఆ ప్రోటీన్‌ను తయారు చేయించి, వాటిని పలుచని ద్రావణంలో వేశారు. మామూలు అండకణాలు అలాగే ఉన్నాయి, ఆ ప్రోటీన్ ఉన్నవి ఉబ్బి పగిలిపోయాయి. దానికి ఆక్వాపోరిన్ అని పేరు పెట్టారు. ఒక్క ఆక్వాపోరిన్ గుండా సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు వరుస కట్టి వెళ్తాయి. అంత వేగంలో కూడా ఒక్క ప్రోటాన్‌ను వెళ్లనివ్వదు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది పొటాషియం ఛానల్, అంటే పొటాషియం అయాన్లను దాటించే ప్రోటీన్ తలుపు. పొటాషియం అయాన్ వ్యాసార్ధం 0.133 నానోమీటర్లు, సోడియానిది 0.095. పెద్దదాన్ని పోనిచ్చే తలుపు చిన్నదాన్ని ఎలా ఆపుతుంది? అదీ వేలల్లో ఒక్కటి పొరపాటుగా పోయేంత కచ్చితంగా! 1998లో రోడరిక్ మెకినన్ ఈ ఛానల్ నిర్మాణాన్ని చూపించాక జవాబు కళ్లెదుట కనిపించింది. ఇరుకు భాగం గోడల్లో ఆక్సిజన్ పరమాణువులు వరుసగా ఉంటాయి. పొటాషియం తన చుట్టూ ఉన్న నీటిని వదిలేసి లోపలికి రాగానే, ఆ ఆక్సిజన్లు సరిగ్గా నీరున్నంత దూరంలోనే దాన్ని చుట్టుకుంటాయి. వదులుకున్నదానికి బదులు దొరికింది కాబట్టి దానికి నష్టం లేదు. సోడియం చిన్నది, అన్ని ఆక్సిజన్లనూ ఒకేసారి అందుకోలేదు. నీటిని వదిలితే దానికి నష్టమే, అందుకే లోపలికి రాదు. ఇంత ఎంపిక చేస్తూ కూడా ఆ ఛానల్ సెకనుకు కోట్ల అయాన్లను పంపుతుంది. ఆగ్రే, మెకినన్‌లకు 2003లో కలిపి నోబెల్ ఇచ్చారు.

అయాన్ల విషయంలో వాలు అంటే గాఢత ఒక్కటే కాదు, విద్యుత్తు కూడా. నాడీకణం లోపల బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు రుణంగా ఉంటుంది. చిన్న అంకెలా అనిపిస్తుంది. దాన్ని 5 నానోమీటర్ల మందంతో భాగించండి, మీటరుకు కోటీ నలభై లక్షల వోల్టులు! పొటాషియం లోపల 140 మిల్లీమోల్స్, బయట 4.5 ఉంటుంది కాబట్టి గాఢత దాన్ని బయటికి తోస్తుంది, లోపలి రుణావేశం వెనక్కి లాగుతుంది. లోపల రుణ 90 మిల్లీవోల్టుల దగ్గర రెండు బలాలూ సరిసమానమవుతాయి.

ఛానల్ ఒక సొరంగం లాంటిది. వాహక ప్రోటీన్ పని తీరు వేరు. అది ఒకవైపు తెరుచుకుని అణువును పట్టుకుంటుంది, ఆకారం మార్చుకుని రెండో వైపు వదిలేస్తుంది. రెండు వైపులా ఒకేసారి తెరుచుకోదు. అందుకే నెమ్మది, అందుకే వేగానికి హద్దుంటుంది. వాహకం తన గరిష్ఠ వేగంలో సగంతో పనిచేసే గాఢతను ఒకటి అనుకుందాం. గాఢత రెండైతే వేగం 67 శాతం, పదైతే 91 శాతం. గాఢత పదింతలైనా వేగం రెండింతలు కూడా కాదు. ఎర్ర రక్తకణంలోకి గ్లూకోజ్ వెళ్లేది ఇలాంటి వాహకంతోనే, గాఢత వాలు వెంటే. సులభతర విసరణ అంటే ఇదే.

ఇన్సులిన్ మీద కూడా ఒక మాట చెప్పాలి. అది గ్లూకోజ్‌ను కండరంలోకి నెట్టదు. గ్లూట్4 అనే వాహకాలు కణం లోపల సంచుల్లో వేచి ఉంటాయి. ఇన్సులిన్ సంకేతం వస్తే ఆ సంచులు పొరకు వచ్చి కలుస్తాయి, తలుపుల సంఖ్య పెరుగుతుంది. తలుపుల్ని తెచ్చి అమర్చడానికి కణం శక్తి ఖర్చుచేస్తుంది, కానీ గ్లూకోజ్ తన దారిన తాను వాలు వెంటే వెళ్తుంది.

ఎత్తిపోతలు: మూడు బయటికి, రెండు లోపలికి

వాలుకు ఎదురెక్కించేవి పంపులు. వీటిలో ముఖ్యమైనది సోడియం–పొటాషియం పంపు. 1957లో యెన్స్ స్కౌ దీన్ని పీత నరాల్లో గుర్తించారు, నలభై ఏళ్ల తర్వాత 1997లో నోబెల్ అందుకున్నారు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి విరిగితే మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి వెళ్తాయి. విశ్రాంతిలో ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ ఒక్క పనికే పోతుందని అంచనా.

ఇంత ఖర్చు దేనికి? ఒక కారణం ద్రవాభిసరణే. కణం లోపల బయటికి పోలేని ప్రోటీన్లు, ఇతర అణువులు చాలా ఉంటాయి. అవి నీటిని లోపలికి లాగుతూనే ఉంటాయి. మొక్క కణానికి గట్టి గోడ ఉంది, తట్టుకుంటుంది. జంతు కణానికి ఆ గోడ లేదు కాబట్టి సోడియంను ఎప్పటికప్పుడు బయటికి తోడుతూ లెక్క సరిచేసుకుంటుంది. పంపును ఆపే మందు వేస్తే కణాలు ఉబ్బుతాయి. రెండో కారణం ఇంకా ముఖ్యం. సోడియంను బయట పోగేయడమంటే ఎత్తైన చెరువులో నీరు నింపి పెట్టడం లాంటిది. ఆ నీటిని తర్వాత వేరే పనికి వాడుకోవచ్చు.

అరువు శక్తితో ఎదురెక్కే గ్లూకోజ్

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. పేగు కణంలో ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహకం రెండు సోడియం అయాన్లతో పాటు ఒక గ్లూకోజ్‌ను లోపలికి తీసుకెళ్తుంది. దానికి ఏటీపీతో పని లేదు. సోడియం కిందికి దూకుతుంది, ఆ ఊపులో గ్లూకోజ్ పైకెక్కుతుంది. సోడియం, గ్లూకోజ్ ఇలా జంటగా వెళ్తాయన్న ఆలోచనను 1960లో రాబర్ట్ క్రేన్ ముందుకు తెచ్చారు.

ఎంత ఎత్తుకు ఎక్కించగలదు? సోడియం బయట 145, లోపల 12 అనుకుంటే గాఢత తేడా 12 రెట్లు. 60 మిల్లీవోల్టుల విద్యుత్ తేడా ఇంకో పది రెట్లకు సమానం. కలిపితే ఒక్కో సోడియానికి 120 రెట్లు. రెండు సోడియంలు కాబట్టి 120ని 120తో గుణిస్తే 14,400. అంటే సిద్ధాంతం ప్రకారం బయటికన్నా లోపల పదివేల రెట్లకు పైగా గ్లూకోజ్ పోగుచేయగలదు. పేగులో మిగిలిన చివరి గ్లూకోజ్ కూడా వదలకుండా లాగడానికి ఇదే ఆధారం.

మరి ఖర్చు? మూడు గ్లూకోజ్‌లు వస్తే ఆరు సోడియంలు లోపలికి వస్తాయి. వాటిని బయటికి తోడాలంటే పంపు రెండు ఏటీపీలు వాడాలి. అయితే ఒక్క గ్లూకోజ్‌ను పూర్తిగా దహిస్తే సుమారు 30 ఏటీపీలు వస్తాయి. లాభమైన బేరమే. లోపలికొచ్చిన గ్లూకోజ్ కణం అవతలి వైపు నుంచి రక్తంలోకి మామూలు వాహకంతో, ఖర్చు లేకుండా, జారిపోతుంది. ఒకే కణం ఒకవైపు సక్రియం, మరోవైపు నిష్క్రియం.

ఈ చిన్న యంత్రాంగం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కలరా విషం పేగు కణాల క్లోరైడ్ ఛానళ్లను తెరిచి ఉంచుతుంది. క్లోరైడ్ పేగులోకి పోతుంది, సోడియం, నీరు దాని వెంట పోతాయి. కానీ ఎస్‌జీఎల్‌టీ1 చెక్కుచెదరదు. సోడియం, గ్లూకోజ్ కలిపి తాగిస్తే అది రెంటినీ లోపలికి లాగుతుంది, నీరూ వస్తుంది. ఓఆర్ఎస్ చేసే పని ఇదే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన మిశ్రమంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, అంటే 75 మిల్లీమోల్స్. సోడియం కూడా 75. కణికల మొత్తం లెక్క 245. అంతకు ముందు 311 ఉండేది. ఎందుకు తగ్గించారో ఈపాటికి మీకే తట్టి ఉంటుంది. ద్రావణం మరీ చిక్కగా ఉంటే ద్రవాభిసరణ నీటిని పేగులోకే లాగుతుంది.

తలుపు పట్టనివి సంచుల్లో

ప్రోటీన్ల లాంటి పెద్ద సరుకును పొర తనలోకి మడుచుకుని సంచిగా లోపలికి తెస్తుంది (ఇదే ఎండోసైటోసిస్), అలాగే సంచిని పొరతో కలిపి బయటికి వదులుతుంది. చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ కణికలు కణంలోకి వెళ్లేది ఇలాగే. దాన్ని వివరించిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లోని కొవ్వు బిందువులూ ఈ దారినే లోపలికి చేరతాయి. ఒక సంగతి మాత్రం గమనించాలి. సంచిలో లోపలికి వచ్చినా ఇంకా పొర దాటినట్టు కాదు. సరుకు చుట్టూ సంచి పొర ఉంటుంది, దాన్నీ దాటితేనే కణద్రవంలోకి వచ్చినట్టు.

మందులు ఏ దారిన వెళ్తాయి? ఇంకా నడుస్తున్న వాదన

1890లలో ఓవర్టన్ అనే శాస్త్రవేత్త, కొవ్వులో బాగా కరిగే పదార్థాలే కణంలోకి త్వరగా వెళ్తాయని గమనించారు. మందుల తయారీలో చాలాకాలం ఇదే సూత్రం. మందులు ఎక్కువగా కొవ్వులోంచే దూరి వెళ్తాయని, వాహకాలు మినహాయింపు మాత్రమేనని అనుకునేవారు. 2008లో డాబ్సన్, కెల్ ఈ వరసను తిరగేశారు. కణత్వచం బరువులో ప్రోటీన్ల వాటా చాలా ఎక్కువ, ఒట్టి కొవ్వుగా ఖాళీగా ఉండే చోటు తక్కువ. మనిషిలో వాహక ప్రోటీన్ల రకాలు వందల్లో ఉన్నాయి. కాబట్టి వాహకాల ద్వారా వెళ్లడమే మామూలు పద్ధతి అన్నది వాళ్ల వాదన. 2010లో మరో బృందం దీనికి బదులిచ్చింది. ఒక్క ప్రోటీన్ కూడా లేని కృత్రిమ కొవ్వు పొరల్ని కూడా ఎన్నో మందులు దాటుతున్నాయి కాబట్టి రెండు దారులూ పక్కపక్కనే ఉన్నాయని ఆ బృందం అంది.

రెండు వైపులా బలమైన ఉదాహరణలున్నాయి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ శరీరంలో ధనావేశంతో ఉంటుంది, కాబట్టి కొవ్వులోంచి దూరడం దానికి కష్టం. కాలేయ కణాల్లోకి వాహకం పట్టుకునే వెళ్తుంది. మరోవైపు మత్తిచ్చే వాయువులు కొవ్వులో కరిగే గుణంతోనే పొరల్ని దాటుతాయి. ఒక్కో మందుకు విడిగా కొలిచి చూడాల్సిందే, అన్నిటికీ ఒకే సూత్రం సరిపోదని నా అభిప్రాయం.

దారి ఎంత ముఖ్యమో పార్కిన్సన్స్ చికిత్సలో బాగా కనిపిస్తుంది. ఆ వ్యాధిలో మెదడుకు డోపమైన్ తక్కువవుతుంది. డోపమైన్‌నే ఇస్తే అది రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుపొరను దాటలేదు. అందుకే దానికి ముందు రూపమైన లెవోడోపా ఇస్తారు. అది చూడటానికి అమైనో ఆమ్లంలా ఉంటుంది కాబట్టి అమైనో ఆమ్లాల వాహకం దాన్ని తమవాటిలో ఒకటిగా తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లాక డోపమైన్‌గా మారుతుంది. అదే వాహకం కోసం భోజనంలోని ప్రోటీన్ నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు కూడా వరుసలో నిలబడతాయి. అందుకే ప్రోటీన్ ఎక్కువున్న భోజనం తర్వాత కొందరిలో అదే మోతాదు మందు తక్కువగా పనిచేస్తుంది.